పలకలు దాటిన సముద్రం... పిల్లలూ దాటొచ్చు!

గుంటూరు నుంచి వచ్చే రైలు మార్కాపురం రోడ్డు, తర్లుపాడు, కంభం దాటి గిద్దలూరు చేరుతుంది. ఇక్కణ్నుంచి పట్టాలు నల్లమలలోకి దూరతాయి. దిగువమెట్ట దాటితే లోయలు, సొరంగం. ఆ తర్వాతే నంద్యాల. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో కొండను తొలిచి వేసిన దారి ఇది. గిద్దలూరు ఒకప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. 1970లో కొత్త జిల్లా ఏర్పడ్డాక ఒంగోలు వైపు మారింది. ఏ జిల్లాలో ఉన్నా పెద్ద చదువు కావాలంటే మాత్రం రైలో బస్సో ఎక్కాల్సిందే. అలా ఊరు దాటి ఇంజినీరింగ్‌లో చేరిన కుర్రాడో అమ్మాయో సెలవులకొచ్చి ‘నాన్నా, వేసవిలో విదేశంలో ఇంటర్న్‌షిప్ చేస్తా’ అంటే..?

ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ఒక్కటే... ‘ఎంతవుతుంది?’

పొలం అమ్మాలా?

సగిలేరు పక్కనున్నా చినుకు కోసం ఎదురుచూసే నేల ఇది. మిరప, కంది, పొగాకు... ఏది వేసినా నమ్మకం తక్కువే. అందుకే విదేశం అనగానే బ్యాంకు అప్పు, లేదంటే ఎకరం అమ్మకం గుర్తొస్తాయి. కానీ ఎమ్మెస్ వేరు, ఇంటర్న్‌షిప్ వేరు. ఇది డిగ్రీ మధ్యలో రెండు మూడు నెలలు వెళ్లి, పని నేర్చుకుని, మళ్లీ మన కాలేజీకే వచ్చే ఏర్పాటు. పేరున్న పథకాల్లో ఖర్చులో ఎక్కువ భాగం పిలిచినవాళ్లే పెట్టుకుంటారు.

కెనడాలోని మైటాక్స్ సంస్థ నడిపే గ్లోబలింక్ అలాంటిదే. 12 వారాలపాటు అక్కడి విశ్వవిద్యాలయంలో ఒక ఆచార్యుడి దగ్గర పరిశోధనలో పనిచేయాలి. ఎంపికైతే ప్రయాణానికీ వసతికీ సాయం అందుతుంది. జర్మనీ సంస్థ డాడ్ అందించే ‘వైజ్’ మన సైన్స్, ఇంజినీరింగ్ విద్యార్థుల కోసమే. నెలనెలా భృతి ఇస్తారు. అయితే దరఖాస్తుకు ముందే విద్యార్థి తనంతట తాను ఓ ఆచార్యుడికి ఉత్తరం రాసి, ఆహ్వానం తెచ్చుకోవాలి. పైగా అన్ని కాలేజీలకూ ఈ అవకాశం ఉండదు. జాబితా చూసుకోవాలి. గిద్దలూరు పిల్లలు వెనకబడేది తెలివిలో కాదు, ఈ కబురు ఆలస్యంగా చేరడంలో! వచ్చే వేసవికి వెళ్లాలంటే ఈ ఏడాది వర్షాకాలంలోనే పని మొదలుపెట్టాలి మరి.

కాగితం చూసి... సంతకం!

అమెరికా అయితే జె-1 వీసా కావాలి. ఇంటర్న్ విభాగంలో గరిష్ఠంగా 12 నెలలు ఉండొచ్చు. గుర్తింపు పొందిన స్పాన్సర్ ఇచ్చే డీఎస్-2019 పత్రం లేనిదే వీసా రాదు. ఏం నేర్పిస్తారో, ఎవరు చూసుకుంటారో చెప్పే శిక్షణ ప్రణాళిక డీఎస్-7002లో ఉంటుంది. నైపుణ్యం అక్కర్లేని కూలిపనులకూ, పిల్లల్నీ పెద్దల్నీ చూసుకునే పనులకూ ఇంటర్న్‌లను పెట్టుకోకూడదు. భృతి ఇచ్చి తీరాలన్న నియమం లేదు కాబట్టి ఎంత ఇస్తారో ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ‘టూరిస్టు వీసా మీద వెళ్లిపో, అక్కడ పని చూస్తాం’ అని ఎవరైనా డబ్బడిగితే... దండం పెట్టి వచ్చేయడమే!

హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ 2008లో తెరుచుకుంది. అంతకుముందు ఆ వీసా కోసం చెన్నై పోవాల్సి వచ్చేది. దారి అంతమేరకు దగ్గరైంది.

ఆసుపత్రి పోర్టరు నుంచి...

వందేళ్ల కిందట ఈ పథకాలేవీ లేవు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి, మామగారు అందించిన సాయంతో 1920ల్లో హార్వర్డ్ వెళ్లారు. ఆ డబ్బు చాలక బోస్టన్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా పనిచేశారు. పగలు ప్రయోగశాలలో నేర్చుకున్నారు. 1925లో ఫిస్కేతో కలిసి ప్రకటించిన భాస్వరం కొలిచే పద్ధతి ఆయన పేరుతోనే నిలిచింది. అంత కష్టం ఇప్పటి పిల్లలు పడనక్కర్లేదు. కానీ ఉత్తరం రాయడం, కాదంటే మరొకరికి రాయడం... ఆ ఓపిక మాత్రం అప్పుడూ ఇప్పుడూ కావాల్సిందే.

గిద్దలూరుకు పొరుగునే మార్కాపురం. అక్కడి గనుల్లోంచి వచ్చిన పలకల మీదే తెలుగునాట ఎన్నో తరాలు ఓనమాలు దిద్దాయి. ఆ రాయి ఎప్పుడో ఓడలెక్కి విదేశాలకు వెళ్లింది. వెళ్లిన రాయి తిరిగిరాదు. పిల్లలు మాత్రం పన్నెండు వారాలయ్యాక గిద్దలూరు స్టేషన్లో దిగుతారు. వాళ్లు తెచ్చిన అనుభవాన్ని వెనకొచ్చే నలుగురు పిల్లలకు చెబితే... మరో ఇంట్లో ‘ఎంతవుతుంది’ అన్న ప్రశ్నకు భయం లేకుండా జవాబు దొరుకుతుంది!