కోట గుమ్మం దాకా కాలినడక

మాది నెల్లిమర్ల అవతల, చంపావతి పక్క పల్లె. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను దసరా వెళ్లిన మంగళవారం తిరుగుతుంది. మా తాత మాత్రం సోమవారం మధ్యాహ్నమే బయల్దేరదీసేవాడు. బస్సున్నా ఎక్కనిచ్చేవాడు కాదు. "అమ్మోరి కాడికి నడిసే ఎల్లాలిరా గుంటడా" అనేవాడు. దారి పొడుగునా మాలాంటివాళ్లే. ముందు ఎడ్లబళ్లు, వెనక ఘటాలెత్తుకున్న ఆడవాళ్లు. గాలంతా పసుపు, వేపాకు వాసన.

విజయనగరం కోటను పూసపాటి రాజులు 1713లో, విజయ నామ సంవత్సరంలో కట్టించారు. నాలుగు మూలలా బురుజులు, చుట్టూ కందకం. సందడంతా గోడ బయటే. గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల దాకా, అక్కణ్ణుంచి కోట దాకా దుకాణాలే. మా నాయనమ్మ చేటలు, కొడవళ్లు తిరగేసి చూసి, "ఓలమ్మో, అంతేటి బాబూ? కిందటేడు సగం సెప్పినావు కదా!" అని బేరం మొదలెట్టేది. నా కళ్లు జీళ్ల మీద ఉండేవి.

ఆ రాత్రి తొలేళ్లు, అంటే సిరిమానుకు ముందునాటి పండగ. మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడి ముందు పూజారి రైతులకు విత్తనాలు పంచేవాడు. జనంలో నలిగి సంపాదించిన గుప్పెడు గింజల్ని తాత కండువా కొంగున ముడేసుకుని, ఇంటికెళ్లాక విత్తనాల గాదెలో కలిపేవాడు. అవి కలిస్తే పంట తప్పదని ఆయన నమ్మకం.

మర్నాడు మధ్యాహ్నానికి మేడలన్నీ జనంతో నిండేవి. ఊరేగింపులో ముందు తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల. పెద్దచెరువులో దొరికిన అమ్మవారి విగ్రహానికి గుర్తుగా ఆ వల నడుస్తుంది. ఆ అమ్మవారికో కథ ఉంది. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధమైంది. ఆ వెంటనే విజయనగరం రాజు విజయరామరాజు బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి చేతిలో చనిపోతే, ఆయన చెల్లెలు పైడిమాంబ ఆ పెద్దచెరువులోనే కలిసిపోయి పైడితల్లమ్మగా వెలిసిందంటారు. ఆ వల వెనక సిరిమాను, అంటే పొడవాటి చింతమాను, వచ్చేది. దాని కొసన పీట మీద పూజారి కూర్చుంటే కింది నుంచి అరటిపళ్లు వానలా లేచేవి. గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగేది. బురుజు మీద కూర్చున్న రాజకుటుంబం కూడా మాలాగే తలెత్తి చూసేది. ఆ పూట బురుజు కంటే సిరిమానే ఎత్తు.

ఇప్పుడు మంగళవారం మధ్యాహ్నం కారులో దిగి, సిరిమాను ఫొటో తీసుకుని సాయంత్రానికి వెళ్లిపోయేవాళ్లు ఎక్కువయ్యారు. తొలేళ్లు చూడకపోతే ఇది ఉత్త ఊరేగింపులాగే కనిపిస్తుంది. రైతుల పండగని తెలిసేది ఆ విత్తనాల దగ్గరే. వచ్చేవాళ్లు సోమవారమే రండి. పిల్లల్ని ఆఖరి రెండు మైళ్లయినా నడిపించండి.