ఒక్క పూట సొంతూరు

ఓడ ప్రయాణమంటే భోజనాలు, వినోదాలు, విహారాల పట్టిక వేసుకుంటే చాలనుకుంది భిలాయ్‌లోని ఓ తెలుగు కుటుంబం. లెక్క తప్పింది విశాఖ రేవు దగ్గర

భిలాయ్‌కి సముద్రం లేదు. ఉన్నదంతా ఉక్కే. సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరిలో కుదిరిన ఒప్పందం మేరకు వెలసిన ఈ కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. అప్పటి నుంచి ఇక్కడి పట్టాలు దేశమంతా పరుచుకున్నాయి. 2022 సెప్టెంబర్ 2న నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్‌కు సెయిల్ అందించిన దాదాపు 30,000 టన్నుల ప్రత్యేక ఉక్కులో భిలాయ్ వాటా కూడా ఉంది. అయితే ఓడకు ఉక్కు పంపడం వేరు, ఓడ ఎక్కడం వేరు.

రిసాలిలో సొంత ఇల్లు కట్టుకున్న ఓ తెలుగు కుటుంబం ఆ ముచ్చట తీర్చుకోవాలనుకుంది. ఇంట్లో ఆరుగురు. 1970ల్లో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వచ్చి ప్లాంటులో చేరి రిటైరైన పెద్దాయన, ఆయన భార్య, అదే ప్లాంటులో పనిచేస్తున్న కొడుకు, ప్రైవేటు స్కూల్లో టీచరుగా ఉన్న కోడలు, ఇద్దరు పిల్లలు. ప్రయాణం ఏర్పాట్ల బాధ్యత సహజంగానే కోడలి మీద పడింది. టైమ్‌టేబుల్ వేయడం ఆమెకు రోజూ ఉండే పనే.

మధ్యతరగతికి క్రూయిజ్ అన్న మాట అందుబాటులోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. కార్డీలియా సంస్థ 2021 సెప్టెంబర్‌లో ముంబై నుంచి, 2022 జూన్‌లో చెన్నై నుంచి యాత్రలు మొదలుపెట్టింది. 1990లో నార్డిక్ ఎంప్రెస్ పేరుతో విదేశీ జలాల్లో తిరగడం మొదలుపెట్టిన 210 మీటర్ల నౌకే పేరు మార్చుకుని ఇక్కడికి వచ్చింది. అది 2022 జూన్ 8న విశాఖకు తొలిసారి వచ్చినప్పుడు చూడటానికి జనం ఆసక్తి చూపారు. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో విశాఖలో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. 2024 సెప్టెంబర్ 30న కేంద్రం క్రూయిజ్ భారత్ మిషన్‌ను ప్రకటించింది. 2023లో చెన్నై నుంచి శ్రీలంకకు కూడా ఓడ నడిచింది కానీ ఇలాంటి యాత్రకు పాస్‌పోర్టు కావాలి. పెద్దాయనకు అది లేదు. అందుకే చెన్నైలో ఎక్కి, విశాఖ, పుదుచ్చేరి చూసి, మళ్లీ చెన్నైలో దిగే అయిదు రాత్రుల యాత్రను ఎంచుకున్నారు.

పెద్దాయన మొదటి అభ్యంతరం అక్కడే. దుర్గ్ నుంచి విశాఖకు 2024 సెప్టెంబర్‌లో వందేభారత్ రైలు వచ్చింది. పొద్దున్నే ఎక్కితే మధ్యాహ్నానికి విశాఖలో ఉంటారు. "ఎనిమిది గంటల్లో ఎల్లిపోయే ఇశాకపట్నానికి ఇన్ని రోజులు తిరిగెల్తామా?" అన్నారాయన. మనవడు మాత్రం ఓడంటే ఓడే అన్నాడు.

కోడలు ముందుగా భోజనాల సంగతి చూసింది. ఓడలో తిండి టికెట్లోనే కలిసి ఉంటుందన్నది సగం నిజం. బఫే, ప్రధాన భోజనశాల టికెట్లో కలిసే ఉంటాయి. ప్రత్యేక రెస్టారెంట్లు, కూల్‌డ్రింకులు, వైఫై, స్పాలకు వేరే చెల్లించాలి. రేవు రుసుములు, సేవా రుసుముల లెక్క కూడా బుకింగ్‌కు ముందే అడిగి తెలుసుకోవాలి. భోజనశాలలో రాత్రి రెండు విడతలుంటే మొదటి విడతే కోరుకోవాలని ఆమె రాసుకుంది. మామగారికి షుగరు. రాత్రి ఏడున్నర దాటితే ఆగలేరు. ఆయన మందులు పెద్ద పెట్టెలో కాక చేతి సంచిలో ఉండాలి. ఎందుకంటే రేవులో అప్పగించిన సామాను గదికి చేరడానికి కొన్ని గంటలు పట్టవచ్చు. అత్తగారికి శనివారం ఒంటిపూట, అదీ ఉల్లి, వెల్లుల్లి లేకుండా. దేశీయ నౌకల్లో జైన భోజనం దొరుకుతుంది కనుక ఆ చిక్కు తేలిగ్గానే తీరింది.

తీరనిది ఇంకొకటుంది. ఇంటి వంట ఓడ మీదికి తీసుకురానివ్వరని తెలిశాక అత్తగారు కాసేపు మాట్లాడలేదు. ఎల్‌టీసీ రోజుల్లో ఆమె పులిహోర, చపాతీలు, ఆవకాయ సర్దకుండా రైలు కదిలేది కాదు. ఆ ప్రయాణాలన్నిటికీ వంటిల్లు ఆమె చేతుల్లోనే ఉండేది. "మరి నేనేటి సెయ్యాల?" అని అడిగారామె. కోడలి పట్టికలో దానికి గడి లేదు. "ఏమీ చేయొద్దత్తయ్యా, కూర్చోండి" అంది కోడలు. ఆ మాట అత్తగారికి సెలవులా వినిపించిందా, శిక్షలా వినిపించిందా అన్నది ఇంట్లో ఇంకా తేలలేదు.

వినోదాల పట్టిక మూడుసార్లు మారింది. మొదటిసారి ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా యోగా, ఈత కొలను, పిల్లల క్లబ్, మ్యాజిక్ షో, సంగీత కార్యక్రమం అంటూ గంటకో గడి నింపింది. అది చూసి భర్త ఒకటే మాట అన్నాడు, "ఇది సెలవా, షిఫ్టా?" ప్లాంటులో వారానికో షిఫ్టు మారే మనిషికి నిద్రే పెద్ద వినోదం. నైట్ షిఫ్టు వారం ముగించి బయల్దేరే అతను మొదటి పగలంతా పడుకోవడం ఖాయం. దాంతో ఆమె ఒక సూత్రం పెట్టుకుంది. రోజుకు ఒక్క పని అందరూ కలిసి చేయాలి. సాయంత్రం డెక్ మీద టీ. మిగతా సమయంలో ఎవరిష్టం వారిది. షోలు సాధారణంగా రెండుసార్లు వేస్తారు కనుక ఒకటి తప్పినా నష్టం లేదు. పిల్లల క్లబ్‌కు వయసు నిబంధనలుంటాయి కనుక చిన్నదాన్ని అక్కడ వదిలే సంగతి ముందే అడగాలి. గది ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తులో ఉంటే ఊపు తక్కువ. వాంతుల మాత్ర కడుపులో తిప్పడం మొదలయ్యాక కాదు, ముందే వేసుకోవాలి.

ఇక మిగిలింది రేవుల్లో దిగి చూసే ప్రదేశాలు. విశాఖలో ఏం చూడాలన్నదానికి ఆమె దగ్గర జాబితా సిద్ధంగా ఉంది. బొర్రా గుహలు ఆశ పెడతాయి కానీ ఘాట్ రోడ్డులో రానూపోనూ పూట గడిచిపోతుంది. సింహాచలం దగ్గరే. రామకృష్ణా బీచ్‌లో జలాంతర్గామి మ్యూజియం మనవడికి కావాలి. ఆ కాగితం మామగారి ముందు పెట్టి, "మీకేది చూడాలనుంది మావయ్యా?" అని అడిగింది.

"మా ఊరు" అన్నారాయన.

లెక్క వేయడానికి ఆమెకు అయిదు నిమిషాలు పట్టలేదు. ఓడ ఎనిమిదికి రేవు చేరితే దిగేసరికి తొమ్మిది. సాయంత్రం అయిదున్నరకల్లా తిరిగి ఎక్కాలి. విశాఖ నుంచి పలాస దాదాపు 190 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఊళ్లోకి ఇంకా లోపలికి వెళ్లాలి. వెళ్లడానికి నాలుగు గంటలు, రావడానికి నాలుగు గంటలు. ఊళ్లో ఉండేది అరగంట. దారిలో ఒక్క టైరు పంక్చరైతే ఓడ వెళ్లిపోతుంది.

వెళ్లిపోతుందన్నది ఉత్త బెదిరింపు కాదు. ఓడ వాళ్లే ఏర్పాటు చేసిన విహారానికి వెళ్లి ఆలస్యమైతే సాధారణంగా ఆగుతారు. సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఆగరు. 2024 మార్చి 27న ఆఫ్రికా పశ్చిమ తీరంలోని సావో టోమే దీవిలో సొంతంగా విహారానికి వెళ్లి ఆలస్యమైన ఎనిమిది మంది ప్రయాణికులను వదిలేసి నార్వేజియన్ డాన్ నౌక సాగిపోయింది. వాళ్లు దేశాలు దాటుకుంటూ వెంటపడి చివరికి సెనెగల్‌లో ఎక్కాల్సి వచ్చింది. ఓడ దిగనిస్తుందన్న హామీ కూడా ఉండదు. 2022 జూన్‌లో కేసినో ఉందంటూ నిరసనలు రేగడంతో పుదుచ్చేరి ప్రభుత్వం అనుమతించలేదు. ప్రయాణికులు తీరం ఎక్కకుండానే ఓడ చెన్నైకి వెళ్లిపోయింది. బ్రోచర్లో రేవు పేరు ఉన్నంత మాత్రాన అక్కడ దిగుతామని కాదు.

ఇదంతా చెప్పి, "అరగంట కోసం అంత దూరమా మావయ్యా? కావాలంటే ఎప్పుడైనా వందేభారత్‌లో వెళ్లొద్దాం" అంది కోడలు. ఆయన ఒప్పుకోలేదు. అరగంటే చాలన్నారు. ఎనిమిది గంటల రైలు ప్రయాణం వద్దని, అరగంట చాలని ఎందుకంటున్నారో ఆమెకు అర్థం కాలేదు. అత్తగారు వంటింట్లో చెప్పారు. తల్లి పోయాక ఇల్లు అన్నదమ్ముల వాటాలకు వెళ్లింది. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను కూల్చేసినప్పుడు ఆయన వాటా కొబ్బరి చెట్లూ పోయాయి. ఇప్పుడు ఊరికి వెళ్తే ఎవరింట్లో దిగాలి? ఎవరూ రమ్మనలేదు. అడగడం ఆయనకు రాదు. ఓడలో వెళ్తే ఆ ఇబ్బంది లేదు. "రాత్రికి ఓడ ఉంది, ఎల్లాల" అని చెప్పి గౌరవంగా లేచి రావచ్చు.

యాభై ఏళ్లుగా భిలాయ్‌లో ఉన్న ఎన్నో తెలుగు కుటుంబాలకు ఈ ఇబ్బంది తెలుసు. సెక్టార్-5 బాలాజీ గుడిలో తెలుగు వినపడుతుంది. ఖుర్సీపార్ వీధుల్లో శ్రీకాకుళం యాస వినపడుతుంది. ఊరు ఎక్కడని అడిగితే మూడో తరం పిల్లలు కూడా ఆంధ్రలోని పేరే చెబుతారు. కానీ ఆ ఊళ్లో రాత్రి పడుకోవడానికి చోటు ఎక్కడుందన్నది ఎవరూ పైకి అడగని ప్రశ్న. ఎల్‌టీసీ ఉన్నన్నాళ్లూ తాతమ్మ ఇల్లే సమాధానం. ఆ తర్వాత పెళ్లికో, చావుకో వెళ్లి సాయంత్రానికి విశాఖ లాడ్జికి తిరిగి వచ్చేవాళ్లే ఎక్కువ.

కోడలు ఎవరినీ అడక్కుండా ఆయన చెల్లెలికి ఫోను చేసింది. ఊరికి రావడం వీలుకాదు కనుక ఆమే విశాఖకు రాగలదా, బీచ్ దగ్గర హోటల్లో కలిసి భోంచేద్దామా అని అడగడం ఉద్దేశం. అవతలి నుంచి మంచి కోపమే వచ్చింది. "సుట్టపుసూపుకైతే రావద్దను. సొంత సెల్లెల్ని ఓటల్లో కలిసెల్తాడా? ఓడ దిగినాక రమ్మను. నాల్రోజులుండాల. నా ఇల్లు లేదా?"

ఫోను స్పీకర్లో ఉంది. పెద్దాయన అవతలి గదిలో పేపరు చదువుతున్నారు. పేజీ తిప్పలేదు.

దాంతో పట్టిక నాలుగోసారి మారింది. చెన్నైలో దిగాక పెద్దవాళ్లిద్దరూ, పిల్లలూ రైల్లో పలాస వెళ్తారు. సెలవు లేని కొడుకూ కోడలూ నేరుగా భిలాయ్ చేరతారు. ఆ టికెట్ల కోసం ప్రత్యేక రెస్టారెంటు విందు, వైఫై ప్యాకేజీ కొట్టేశారు. వైఫై గురించి మనవడు రెండు రోజులు అలిగాడు.

విశాఖ పూట ఇప్పుడు తేలికైంది. సింహాచలానికి ఆటో, మధ్యాహ్నం భోజనం, జలాంతర్గామి. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించిన ఐఎన్ఎస్ కురుసుర అది. లోపల యంత్రాల మీద రష్యన్ అక్షరాలుంటే తాను చదివి చెబుతానని పెద్దాయన మనవడికి మాట ఇచ్చారు. ప్లాంటులో చేరిన కొత్తలో మీటర్ల మీద ఆ అక్షరాలు చూసే ఆయన పని నేర్చుకున్నారు. నాలుగు గంటలకు రేవుకు తిరిగి రావాలని, గంటన్నర ముందే ఉండటంలో తప్పు లేదని కోడలు ఎర్ర పెన్నుతో రాసింది.

చివరి వరుసలో పలాస అని ఉంది. దాని ఎదురుగా భోజనాలు, వినోదాలు, చూడాల్సినవి అన్న మూడు గడులూ ఖాళీ. నింపబోతుంటే అత్తగారు ఆపారు. ఆడపడుచు ఇంటికి వెళ్తూ ఏం పెడతారని అడక్కూడదన్నారు. తర్వాత తనే లేచి, ఆవిడకి ఇక్కడి నుంచి ఏం పట్టుకెళ్లాలో వేరే కాగితం మీద రాయించడం మొదలుపెట్టారు.