కుందలహళ్ళిలో పిస్తోలు పాఠం

తెలుగులో "ప" ఉన్నచోట కన్నడంలో తరచు "హ" పలుకుతుంది. పాలు హాలు అయినట్లు, పులి హులి అయినట్లు, మన పల్లె అక్కడ హళ్ళి అయింది. అందుచేత కుందలహళ్ళి అన్న పేరు మన చెవికి అంత పరాయిగా తోచదు. మారతహళ్ళికీ వైట్‌ఫీల్డుకూ నడుమనున్న ఈ ఊళ్ళో తెలుగు కూడా పరాయి భాష కాదు. 1940లో విమానాల ఫ్యాక్టరీ, 1948లో దూరవాణినగరపు టెలిఫోను ఫ్యాక్టరీ మొదలైన నాటినుంచి మనవాళ్ళు ఈ తూర్పు దిక్కున కాపురాలు పెడుతూనే ఉన్నారు. తరువాత కంప్యూటరు కంపెనీలు వచ్చాయి. వాటి వెంబడి ఆంధ్రా మెస్సులు వచ్చాయి. 2023 మార్చి 25న కృష్ణరాజపురంనుంచి వైట్‌ఫీల్డుదాకా మెట్రో రైలు నడిచింది. ఆ అక్టోబరులో అది నగరంలోని మార్గంతో కలిసింది. ఇప్పుడు సీతారామపాళ్య దాటగానే కుందలహళ్ళి స్టేషను.

చెరువు ఇంకా ఉన్నది. చుట్టూ మేడలు లేచినా, పొద్దున పూట అక్కడ నడిచేవారిలో తెలుగు మాట వినబడుతూనే ఉంటుంది. కాని 2024 మార్చి 1న ఈ పేటలోని ఒక పేరుమోసిన హోటల్లో బాంబు పేలిన తరువాత, ఊరిపేరు దేశమంతటి పత్రికలకూ ఎక్కింది. అటువంటి చోట ఒక ఇంట్లో పిస్తోలు మాట ఎత్తితే పెద్దలు ఉలిక్కిపడటంలో వింతలేదు.

ఆ మాట ఎత్తింది మా మేనకోడలు. పదిహేనేళ్ళ పిల్ల. "ఒరేయ్, ఆడపిల్లకు పిస్తోలేమిటిరా, నువ్వైనా చెప్పు" అని మా అక్కయ్య నామీద పెట్టింది. పిల్ల ఊరుకుంటుందా? "హైదరాబాదు ఈషా సింగ్ ఆడపిల్ల కాదా, మామయ్యా?" అన్నది. ఆ మాట నిజమే. ఈషా సింగ్ 2018లో, 13 ఏళ్ళ వయసులో, జాతీయ పోటీల్లో పెద్దవాళ్ళను దాటి 10 మీటర్ల గాలి పిస్తోలులో విజేత అయింది. 2023లో హాంగ్‌ఝౌ నగరంలో జరిగిన ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణమూ మూడు రజతాలూ తెచ్చింది. దీనికి జవాబు మా అక్కయ్య దగ్గర లేదు, పిల్లను చేర్పించింది.

నేర్పే చోటు ఒక మేడమీది పొడుగాటి హాలు. ఇక్కడ బారుమందు ఉండదు. కుదించిన గాలి 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండును తోస్తుంది. 10 మీటర్ల అవతల కాగితపు గురి. అందులో పది మార్కుల వలయం అడ్డకొలత 11.5 మిల్లీమీటర్లు, అంటే మన చొక్కా గుండీ పాటిది. కొన్ని నెలలు గడిచాక, సొంత పిస్తోలు కొనుక్కుంటే మేలని పిల్లకు బుద్ధి పుట్టింది. స్విట్జర్లాండు మోరీని, జర్మనీ వాల్తర్, ఆస్ట్రియా స్టెయర్ చేతికిచ్చి చూడనిచ్చారు. "ఇదొకటి వెన్నలా మెత్తగా ఉంది మామయ్యా, వేలు ఆనిస్తే చాలు పేలుతుంది, ఇదే కొందాం" అన్నది. ధర లక్ష రూపాయలు దాటుతుంది. అక్కయ్య చేతిలో ఉన్నది చీటీ పాడిన డబ్బు.

లక్ష రూపాయల మెత్తదనం అంటే ఏమిటో తెలుసుకుందామని నేను మా సుబేదారుగారి దగ్గరకు వెళ్ళాను. ఆయన చిత్తూరు జిల్లావారు. మద్రాసు ఇంజనీరు గ్రూపులో పనిచేసి, విశ్రాంతి తీసుకుంటూ ఈ చెరువు దగ్గరే ఉంటున్నారు. ఉద్యోగంలో చాలాకాలం ఆయుధాల గది ఆయన చేతికింద ఉండేది.

"మీ ఆఫీసులో స్టేప్లరు ఉంది గదా బాబూ? దాన్ని నొక్కి చూడు" అన్నారు. "మొదట కొంతదూరం ఊరికే దిగుతుంది. తరువాత కాగితం తగిలి ఆగుతుంది. ఇంకొంచెం బలం పెడితే ఠక్కున గుచ్చుతుంది. ట్రిగ్గరుకూ ఇవే మూడు మెట్లు. ఊరికే నడిచే దూరం, ఆగే చోటు, విడిచే క్షణం. తేలికా బరువా అని అడగటం తరువాతి మాట. ప్రతిసారీ అదే చోట ఆగుతుందా, అదే బలానికి విడుస్తుందా అని ముందు అడగాలి. మంచి ట్రిగ్గరు వేగిన అప్పడం విరిగినట్టు విడవాలి. చెడ్డది ముదరని పాకంలాగా సాగుతుంది. సాగుతున్నంతసేపూ గురి కదులుతూనే ఉంటుంది."

అక్కడినుంచి సంభాషణ సిపాయిల పిస్తోళ్ళమీదికి పోయింది. ఒక్కసారి నొక్కితే ఒక్క గుండు పేలి, ఆ దెబ్బకు పైనున్న ఉక్కు తొడుగు వెనక్కుపోయి, తిరిగి వస్తూ మరో గుండును తనంతట తానే ఎక్కించుకునే రకాన్ని సెమీ ఆటోమేటిక్ అంటారు. వీటిలో ట్రిగ్గరు నడక ఒక్కొక్కదానిలో ఒక్కొక్క తీరు.

1911లో అమెరికా సైన్యం తీసుకున్న బ్రౌనింగ్ పిస్తోలులో ట్రిగ్గరు కీలుమీద తిరగదు, తిన్నగా వెనక్కు జరుగుతుంది. సుత్తి ముందే ఎక్కి ఉంటుంది గనుక వేలికి దాన్ని విడవటమే పని. నడక పొట్టి, విడుపు తేట. నూరేళ్ళు దాటినా దీని ట్రిగ్గరును మెచ్చుకునేది అందుకే. అదే బ్రౌనింగ్ మొదలుపెట్టి 1926లో చనిపోగా, బెల్జియంలో సేవ్ అనే ఆయన పూర్తిచేసిన హై పవర్ పిస్తోలు 1935లో వచ్చింది. మన ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో చేసిన 9 మిల్లీమీటర్ల 1ఎ పిస్తోలు ఆ వంశానిదే. మ్యాగజైను తీసేశాక పేలకూడదని ఫ్రెంచి సైన్యం ఆనాడు షరతు పెట్టింది. ఆ షరతు కోసం హై పవర్‌లో ఒక చిన్న కడ్డీ అమర్చారు. ట్రిగ్గరు నొక్కినప్పుడల్లా అది మ్యాగజైను ముఖాన్ని రాసుకుంటుంది. "ఆ రాపిడి వేలికి ఇసుకలా తగులుతుంది" అన్నారు సుబేదారుగారు. ఒక కాపుదల కోసం తేటదనాన్ని కొంత ఇచ్చుకున్నారన్నమాట.

1929 వాల్తర్ పిపి, 1938 వాల్తర్ పి38, ఆ తరువాతి బెరెట్టా 92 మరో తీరువి. మొదటి గుండుకు వేలే సుత్తిని ఎత్తి విడవాలి. నడక పొడుగు, బరువు ఎక్కువ. రెండవ గుండునుంచి సుత్తి తనంతట తానే ఎక్కి ఉంటుంది. నడక పొట్టి, బరువు తక్కువ. ఒకే పిస్తోలుకు రెండు స్వభావాలు. మొదటి గుండూ రెండవ గుండూ ఒకే చోట తగిలించటానికి సిపాయి చాలా సాధన చేయాలి. 1982లో ఆస్ట్రియా సైన్యం తీసుకున్న గ్లాక్ 17 ఈ చిక్కు తీర్చింది. లోపలి పిన్ను సగం ఎక్కి ఉంటుంది, మిగతా సగం వేలు ఎక్కిస్తుంది. ప్రతి గుండుకూ ఒకటే నడక, సుమారు రెండున్నర కిలోల బరువు. అప్పడంలా విరగదు, కాని ఎప్పుడూ ఒకే మాట చెబుతుంది.

"ఇంత బరువెందుకండీ?" అని అడిగాను. "సిపాయి పరుగెత్తుతాడు, చెమట పడుతుంది, చేతులు వణుకుతాయి. పక్కన తోటివాళ్ళు ఉంటారు. అప్పుడు వెన్నలాంటి ట్రిగ్గరు ఎవరి ప్రాణమైనా తీస్తుంది. అక్కడ బరువే గుణం" అన్నారు.

ఆటలో సంగతి వేరు. అయినా అక్కడ కూడా తేలికదనానికి హద్దు ఉన్నది. అంతర్జాతీయ నియమాల ప్రకారం 10 మీటర్ల గాలి పిస్తోలు ట్రిగ్గరు 500 గ్రాములకు తగ్గరాదు. 25 మీటర్ల పిస్తోళ్ళకు 1000 గ్రాములు. గొట్టాన్ని నిట్టనిలువుగా పట్టి, ట్రిగ్గరుకు ఆ తూకం వేలాడదీసి ఎత్తి చూస్తారు. విడవకుండా నిలిస్తేనే పోటీకి అనుమతి. అంటే ఎంత ధర పెట్టినా అరకిలోకన్నా తక్కువ బరువు కొనుక్కోలేము. డబ్బుతో వచ్చేది ఆగే చోటు మారకుండా ఉండటం, అమరిక చెదరకుండా ఉండటం.

25 మీటర్ల పోటీలో మరో సంగతి కూడా చూస్తారు. 2012 లండన్ ఒలింపిక్సులో మన విజయ్ కుమార్ రజతం గెలిచిన పోటీలో, ఐదు గురులమీద ఐదు గుండ్లు 8 సెకన్లలో, 6 సెకన్లలో, చివరకు 4 సెకన్లలో వేయాలి. అక్కడ విడిచిన ట్రిగ్గరు ఎంత దూరం ముందుకు వస్తే మళ్ళీ పట్టుకుంటుందో అది కూడా ముఖ్యం. దూరం ఎక్కువైతే లయ తప్పుతుంది.

మంచి పిస్తోలున్నా ఆపద తప్పదనటానికి మను భాకర్ సాక్షి. 2021లో టోక్యోలో పోటీ నడుమ ఆమె పిస్తోలు చెడిపోయి విలువైన నిమిషాలు పోయాయి. ఫైనలుకు 2 మార్కుల దూరంలో ఆగిపోయింది. 2024లో పారిస్‌లో అదే 10 మీటర్ల పోటీలో కాంస్యం గెలిచింది. మూడేళ్ళు ఆమె వదలనిది సాధన.

సుబేదారుగారు ఒకనాడు స్వయంగా వచ్చి పిల్ల వేలు చూశారు. "తల్లీ, వేలు ఆనిస్తే పేలటం నీకు ఇష్టమైంది, ఎందుకంటే నీ వేలు ఇంకా ఆగటం నేర్వలేదు" అన్నారు. ఆయన సలహా మీద మూడు నెలలు కొనటం ఆపాము. ఆ మూడు నెలలూ గుండు లేకుండా తెల్లగోడకు ఎదురుగా రోజుకు అరగంట సాధన. తరువాత మళ్ళీ మూడూ పట్టి చూసి, తొలిసారి వెన్న అనుకున్నదాన్ని పిల్లే పక్కన పెట్టింది. "ఇది ఎక్కడ ఆగుతుందో నాకు చెప్పటం లేదు తాతగారూ" అన్నది. చేతికి పిడి సరిపోయి, ఆగే చోటు స్పష్టంగా తెలిసేదాన్ని ఎంచుకున్నది. ధర కూడా కొంత తక్కువే పడింది. చీటీ డబ్బులో కొంత మిగిలింది.

మన సంఘం ఇళ్ళలో పిల్లలు ఈ ఆట అడిగితే భయపడవద్దని నా మనవి. ఆ హాలులో మొదటి పాఠం గురి కాదు. వేసేదాకా వేలు ట్రిగ్గరుకు బయట ఉంచటం. రెండవది, వేయనప్పుడు పిస్తోలులో రంగుదారం దూర్చి ఖాళీ అని అందరికీ చూపించటం. బారుమందు పిస్తోలు సంగతి వేరు. దానికి 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి, దాని జోలి పిల్లలకు అక్కరలేదు. కొనవలసి వచ్చినప్పుడు మాత్రం తొందరపడకండి. తేలికగా ఉన్నదా అని పిల్లను అడగకండి. ఎక్కడ ఆగుతుందో తెలుస్తున్నదా అని అడగండి. తెలుస్తున్నదని పిల్ల చెప్పిన రోజున డబ్బు తీయవచ్చు.