కార్డు మారితే ఎక్కడ దిగాలి?

గిటార్ పట్టిన వాళ్లకి ఏదో ఒక రోజు ఈ తలనొప్పి తప్పదు. స్కేలు కంఠతా వస్తుంది. కార్డులు మార్చడమూ వస్తుంది. రెండూ కలిపి వాయించమంటే మాత్రం వేళ్లు ఎటు పోవాలో తెలియదు.

నాకు ఆ అవసరం బాపు వల్ల వచ్చింది. బోధన్ దగ్గర మా ఊళ్లో ఆయన రైతు, భజనలో హార్మోనిస్టు. మూడేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. గొంతు మిగిలింది. చరణానికీ చరణానికీ మధ్య ఆయన వేళ్లు పలికే నాలుగు ముక్కలే లేకుండా పోయాయి. నిజామాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ, ఆదివారాలు జానకంపేట, ఎడపల్లి మీదుగా ఊరికెళ్లి పక్కన కార్డులు కొట్టేదాన్ని. ఆ ఖాళీ నింపాలంటే కార్డులు చాలవు కదా!

మన సంగీతంలో శ్రుతి కదలదు. మోహన పాడితే స, రి, గ, ప, ద అన్నీ ఆ ఒక్క ‘స’ని పట్టుకునే నడుస్తాయి. కార్డుల దగ్గర కాళ్ల కింది నేల జరుగుతుంటుంది. సి, ఎ మైనర్, ఎఫ్, జి అనే నాలుగు కార్డులు తీసుకోండి. నాలుగింటికీ సి మేజర్ స్కేలే, అంటే మన శంకరాభరణం స్వరాలే సరిపోతాయి. కానీ ‘బి’ స్వరం (మన ‘ని’) జి కార్డు మీద ఇంటి మనిషిలా కూర్చుంటుంది. సి కార్డు మీద ఆపితే గడపలో నిలబడ్డ చుట్టంలా ఉంటుంది, లోపలికి రాదు, వెళ్లిపోదు.

ఇదంతా బాపుకి చెప్తే నవ్విండు. “చెరుకుకు నీళ్లు వెట్టలేదా బిడ్డా? ఒక మడి నిండంగనే పక్క మడికి గండి కొడ్తం. దగ్గరున్న గట్టే తెంపుతం గని, దూరం పోతమా?”

శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడ్డాక మా పొలంలో చెరుకు పోయి వరి వచ్చింది. ఆయన మాటల్లో మాత్రం ఇంకా చెరుకే.

ఆ మాటనే సాధన చేసుకున్నాను. నాలుగు కార్డులు, ఒక్కోటి నాలుగు దెబ్బలు, నిమిషానికి 60 చొప్పున ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. మొదటి వారం స్కేలు జోలికే పోలేదు. ప్రతి కార్డులోని మూడు స్వరాలే. సి అంటే సి, ఇ, జి. ఎ మైనర్ అంటే ఎ, సి, ఇ. రెండో వారం, కార్డు మారగానే దగ్గరి స్వరంలోకి జరగడం. ఎ మైనర్‌లోని ‘ఇ’ నుంచి ఎఫ్‌లోకి ఒక్క మెట్టు. జి కార్డులోని ‘బి’ నుంచి సి లోకి ఒక్క మెట్టు. ఆ తర్వాతే మధ్యలో మిగతా స్వరాలు పోశాను. దిగే చోటు తెలిస్తే దారిలో ఏ స్వరం తగిలినా చెవికి ఇబ్బంది ఉండదు.

నాలుగు నెలలకి బాపు చరణం ఆపి, “ఊఁ, అందుకో” అన్నడు. అందుకున్నాను. ఆయన తల ఊపలేదు, మెచ్చుకోలేదు. రెండో చరణం ఎత్తుకున్నడు. నాకది చాలు.

ఇప్పుడు కీరవాణిలో ఒక పాట మొదలుపెట్టిండు. ఎ మైనర్ నుంచి ఇ మేజర్ కార్డు వచ్చినప్పుడు ‘జి’ అర మెట్టు పైకి జరగాలి. ఈ వారమంతా ఆ ఒక్క గండి దగ్గరే కూర్చున్నాను.