చిలికాలో పొద్దు గూకే వేళ

నీటిమీద సూర్యాస్తమయాన్ని ఫోటో తీయవలెనని ముచ్చటపడేవారు మన కుటుంబాలలో అనేకులున్నారు. తూర్పుతీరాన కాపురముంటున్న మనకు అది అంత సులభం కాదు. మన సముద్రంలోంచి పొద్దు పొడుస్తుందే గాని అందులోకి గూకదు. పడమట నీరున్న చోటు వెదుక్కోవాలి. నాకు తెలిసినంతలో అందుకు చిలికాయే తగినది.

గంజాం 1936లో ఒరిస్సాలో చేరకమునుపే మనవాళ్లు రంభ, బాలుగాం నడుమ రైలు కిటికీలోంచి చిలికాను చూచేవారు. అది పడమటి గట్టు. నేటికీ బరంపురంనుంచి పిల్లలతో వెళ్లేవారు ఆ గట్టుననే బరకూలులో దిగి, పడవమీద కాళిజాయి అమ్మవారిని దర్శించి వచ్చి, సాయంత్రం ఫోటో కుదరలేదని నొచ్చుకుంటారు. లోపం కెమెరాది కాదు, గట్టుది. అక్కడ నీరు తూర్పున, కొండలు పడమట. ఉదయానికి బరకూలు, అస్తమయానికి పూరీనుంచి సుమారు 50 కిలోమీటర్ల దూరానగల సాతపడా. ఇది గుర్తుంచుకుంటే సగం పని అయినట్లే.

గంట ముందుగా చేరండి. నీరూ ఆకాశమూ కలిసే గీత వంకర పోరాదు. వెలుతురును సూర్యుడి ప్రక్కనున్న ఆకాశాన్నిబట్టి కొలవాలి. చేతిలో ఉన్నది ఫోనైతే తెరమీద అక్కడే వేలు తాకించి, వెలుగు కొంచెం తగ్గించండి. పడవలు నల్లగా వస్తాయి, రంగులు నిలుస్తాయి. వాలుపొద్దు కిరణాలు దట్టమైన గాలిపొరను దాటి రావడంలో నీలం చెదరిపోయి ఎరుపు మిగులుతుంది. బింబం నీటిని తాకినది మొదలు రెండు మూడు నిమిషాలలో మాయమవుతుంది. అంతటితో సంచి సర్దుకోకండి. మేలైన రంగులు చాలాసార్లు ఆ తరువాతి పావుగంటలో వస్తాయి.

ఇక ఫోటోలో ఏమున్నదో కూడా తెలుసుకోవాలి. ఆ ఎర్రని నీటిలో బారులుతీరిన కర్రలూ, వలకంచెలూ సంధ్యకు అలంకారంగా కనబడతాయి. వాటిలో కొన్ని బెస్తల కూడు. కొన్ని రొయ్యల పెంపకానికి నీటిని చుట్టివేసిన కంచెలు. చిలికాకు 1000 మీటర్లలోపు రొయ్యల చెరువులు కూడదని సుప్రీంకోర్టు 1996లోనే తీర్పు చెప్పింది. 1981లో రాంసార్ జాబితాకెక్కిన ఈ సరస్సు, పూడికవల్లా ఉప్పుదనం తగ్గడంవల్లా క్షీణించి 1993లో ప్రమాదపు పట్టికలో చేరింది. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖం త్రవ్విన పిమ్మట చేపలు మళ్లీ పెరిగాయి. 2002లో ఆ పట్టికనుంచి పేరు తీసివేశారు.

కనుక పడవవానిని, “ఆ కర్రలు ఎవరివి బాబూ?” అని అడగండి. అతడు చెప్పినది, తేదీతోసహా, ఫోటో వెనుక వ్రాసి పెట్టండి. రంగు చూచి పిల్లలు సంతోషిస్తారు. వెనుక వ్రాత చదివితే, ఆ నీటిమీద ఎవరు బ్రతుకుతున్నారో కూడా తెలుసుకుంటారు.