ఒక చుక్క మల్లె అత్తరు



పోయిన వేసవిలో మన సంఘ సహోదరుడొకరు హైదరాబాదు వెళ్లి, చార్మినారు దగ్గర కొని నాకో చిన్న సీసా మల్లె అత్తరు తెచ్చారు. పాత పద్ధతిలో పూలను రాగి పాత్రలో ఉడికించి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి దింపి అత్తరు తీస్తారు. నూనె గనుక స్ప్రే సెంటులా తొందరగా ఎగిరిపోదు. మన కమాన్‌పూర్ ఎండ, ఓపెన్‌కాస్టు దుమ్ము, చెమట మీకు తెలిసినవే. మణికట్టు మీద ఒక చుక్క రాసుకుంటే ఒంటి వేడికి మెల్లగా వాసన లేచి, సాయంత్రం దాకా ఉంటుంది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఒక తల్లి ఇంటికి ప్రార్థనకు వెళ్లాను. ఆమె భర్త బాయి పని చేసిన మనిషి. కొన్నేళ్ల క్రితం ప్రభువునందు నిద్రించాడు. నేను కూర్చోగానే ఆమె అటూ ఇటూ చూసింది.

“అయ్యగారూ, మల్లెపూల వాసన వస్తున్నది. ఎక్కడియి?”

“పూలు కాదమ్మా, అత్తరు,” అన్నాను.

ఆమె కాసేపు మాట్లాడలేదు. “మా ఆయన డ్యూటీ దిగి వచ్చేటప్పుడు మూరెడు మల్లెపూలు తెచ్చేటోడు. కాగితానికి బొగ్గు మసి అంటి ఉండేది. ఆయన పోయినకాడి నుంచి పూలు ముట్టలేదు. ముట్టనియ్యరు గదా,” అన్నది.

సీసా నా జేబులోనే ఉంది. ఇచ్చేద్దామనిపించింది. కానీ వాకిట్లో ఇద్దరు కూర్చుని ఉన్నారు. విధవరాలికి అయ్యగారు అత్తరు ఇచ్చాడంటే నలుగురు ఏమంటారోనని భయపడ్డాను. ప్రార్థన చేసి లేచి వచ్చేశాను.

ఆ రాత్రి రూతు గ్రంథం మూడో అధ్యాయం తెరిచాను. రూతు పరిగె ఏరుకోవడం గురించి ఎన్నోసార్లు ప్రసంగించాను గానీ, ఈ ఒక్క మాట దగ్గర ఎప్పుడూ ఆగలేదు. బోయజు కళ్లానికి పంపే ముందు నయోమి తన కోడలిని స్నానం చేసి తైలం రాసుకోమంటుంది. రూతు విధవరాలు. చెప్పిన నయోమి కూడా విధవరాలే. లేఖనం వారిని తప్పుపట్టలేదు. పైగా మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో, యేసు వంశావళిలో రూతు పేరు ఉంది.

మన సంఘాల్లో పూలు, నగలు వద్దనుకునే విశ్వాసులు ఉన్నారు. అది వారి మనస్సాక్షి, నేను గౌరవిస్తాను. కానీ మిగతా అందరూ పెట్టుకుంటూ, భర్త పోయిన ఆమెకు మాత్రం తగదంటే అది వాక్యం కాదు, లోకాచారం. బాప్తిస్మం తీసుకున్నా ఆ ఆచారాన్ని మనతోపాటు మందిరంలోకి తెచ్చుకున్నాం. కాపరిగా ఇన్నేళ్లూ నేను ఒక్క మాట అనలేదు.

మరునాడు నా భార్యతో కలిసి మళ్లీ వెళ్లాను. ఆమె మూరెడు మల్లెపూలు కూడా తీసుకుంది. ఆ తల్లి పూల వైపు చూసి, “ఇప్పుడే వద్దు అమ్మగారూ,” అన్నది. మేము బలవంతం చేయలేదు. చెయ్యి మాత్రం చాచింది. నా భార్య ఒక చుక్క రాసింది. ఆమె మణికట్టు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని చాలాసేపు అలాగే ఉంది.

ఆ పై ఆదివారం స్త్రీల వరుసలో మల్లె వాసన వచ్చింది. ఒకరిద్దరు తిరిగి చూశారు. ఆ రోజు వాక్యం రూతు మూడో అధ్యాయం నుంచే చెప్పాను.

ప్రియులారా, మీ ఇంట్లో తల్లి గానీ, అత్త గానీ, వదిన గానీ భర్తను పోగొట్టుకుని ఉంటే, పెళ్లి రోజున ఆమెను వెనక నిలబెట్టకండి. ఆమెకు ఏది ఇష్టమో ఆమెనే అడగండి.

ప్రభువా, నీ మాటకంటే నలుగురి మాటకు ఎక్కువ భయపడిన మమ్మును క్షమించుము. ఆమేన్.