మానేరు ఒడ్డున పెట్రోలు వాసన

కోరుట్లలో, జగిత్యాలలో బంధువులను చూసుకుని మేము పిల్లలతో సిరిసిల్ల చేరుకున్నాము. మరమగ్గాల చప్పుడు దాటి మాన్వాడ వైపు వెళ్లితే, మానేరు నదిపై కట్టిన మధ్య మానేరు జలాశయం కనిపిస్తుంది. అది నిండితే 27 టి.ఎం.సి.లకు పైగా నీరు నిలుస్తుంది.

అక్కడ మోటారు పడవ ఎక్కబోతుంటే పెట్రోలు వాసన వచ్చింది. పడవ నడిపే పెద్దాయన ఇంజను ముట్టుకోలేదు.

"ట్యాంకు కారుతున్నది. పిల్లలను తీసుకొని దూరం పోండ్రి అమ్మా" అన్నాడు.

ట్యాంకు పడవ నేలపలకల కింద బిగించి ఉంది. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు గనుక అడుగునే చేరుతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు, పడవంతా అంటుకుంటుంది. ఆయన ఏ స్విచ్చూ వేయలేదు. మూతలన్నీ తెరిచి గాలి ఆడనిచ్చాడు. మిగిలిన పెట్రోలును చేతిపంపుతో డబ్బాల్లోకి తోడాడు. ఒక్క చుక్క నీటిలో ఒంపలేదు. పలకలు విప్పితే, తడి నిలిచినచోట తుప్పు తిని ట్యాంకుకు బెజ్జం పడి ఉంది.

"అతికిస్తే సరిపోదా?" అని అడిగాము.

"ఖాళీ ట్యాంకుల గూడ ఆవిరి ఉంటది. వెల్డింగు పెడితే పేలుతది. కొత్తదే వెయ్యాలె."

ఆనాటి కిరాయి ఆయనకు పోయింది. మా పిల్లలు మాత్రం క్షేమంగా ఒడ్డున ఉన్నారు. ప్రియ పాఠకులారా, పడవ ఎక్కేముందు ఒక్క క్షణం వాసన చూడండి. అనుమానముంటే ఎక్కకండి.